ఈవెంట్ ఆగిపోయింది, రూట్ అక్కడే ఉంది

‘సార్, సర్టిఫికెట్ లేదు. రెజ్యూమెలో రాయొచ్చా?’

ఈ మధ్య మాకు వచ్చిన ప్రశ్న ఇది. అడిగింది బీకాం ఫైనలియర్ కుర్రాడు. వాళ్ల ప్రాంతంలో ఏటా 200 కిలోమీటర్ల సైకిల్ ఈవెంట్ జరిగేదట. తను పేరు ఇద్దామనుకునేసరికి నిర్వాహకులు మానేశారు. పాత రూట్ మ్యాప్ సంపాదించాడు. ఒక ఫ్రెండును వెంటబెట్టుకుని అదే దారిలో తొక్కేశాడు. పట్టిన సమయం 14 గంటల 10 నిమిషాలు. మెడల్ లేదు, కాగితం లేదు. క్యాంపస్ ఇంటర్వ్యూలేమో దగ్గర పడ్డాయి.

రాయొచ్చు. రాయాలి కూడా. అయితే ఏమని రాయాలన్న దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. అందుకే ఈ రకం సైక్లింగ్ ఎలా నడుస్తుందో ముందు కొంచెం చెప్పుకుందాం.

దీన్ని ర్యాండనరింగ్ అంటారు. ఇందులో ఫస్టు, సెకండు ఉండవు. గడువులోపు పూర్తిచేస్తే చాలు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. టీ తాగినా, పంక్చర్ వేయించుకున్నా, చెట్టు కింద కునుకు తీసినా గడియారం ఆగదు. ఈ రైడ్లలో అన్నింటికన్నా పేరున్నది ఫ్రాన్స్‌లోని పారిస్–బ్రెస్ట్–పారిస్. 1,200 కిలోమీటర్లు, 90 గంటలు, నాలుగేళ్లకోసారి. 1891లో పందెంగా మొదలైంది. ప్రొఫెషనల్ పందెం 1951తో ఆగిపోయింది. మామూలు సైక్లిస్టుల రైడ్ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. మన దేశంలో ఇలాంటి రైడ్లను ఆడాక్స్ ఇండియా కింద క్లబ్బులు నిర్వహిస్తాయి. హైదరాబాద్‌లోనూ జరుగుతుంటాయి.

ఇక ఆగిపోయిన ఈవెంట్ల సంగతి. అమెరికాలో బోస్టన్–మాంట్రియల్–బోస్టన్ అని ఒకటుండేది. అదీ 1,200 కిలోమీటర్లే. 1988లో మొదలై, మసాచుసెట్స్ నుంచి వెర్మాంట్ కొండల మీదుగా కెనడా వెళ్లి తిరిగొచ్చేది. 2006 తర్వాత ఈవెంట్‌గా జరగలేదు. ఇలాంటివి నడపడం తేలిక కాదు. రాత్రింబవళ్లు చెక్‌పాయింట్ల దగ్గర కూర్చోవడానికి వలంటీర్లు కావాలి. భోజనాలు, నిద్రకు చోటు, అనుమతులు చూసుకోవాలి. ఒకరిద్దరు అలసిపోతే చాలు, ఏళ్ల తరబడి నడిచిన కార్యక్రమం ఆగిపోతుంది.

కానీ రోడ్డు ఎక్కడికీ పోదు కదా! ఆ తర్వాత ఆ రూట్‌ను ‘పర్మనెంట్’గా ఉంచారు. అంటే ఫలానా తేదీ అని లేకుండా, ముందుగా పేరు నమోదు చేసుకుని ఎవరికి వారు తొక్కే రూట్ అన్నమాట. బ్రిటన్‌లోని ఆడాక్స్ యూకేలో కూడా ఈ పద్ధతి ఉంది. గడువు మారదు. మారేదల్లా సాక్ష్యం. చెక్‌పాయింట్‌లో ముద్ర వేసే మనిషి ఉండడు. కాబట్టి దారిలోని దుకాణంలో ఏదైనా కొని, ఊరు పేరూ టైమూ ఉన్న బిల్లు దాచుకోవాలి. దుకాణం లేని చోట ‘ఆ కూడలి బోర్డు మీద ఏం రాసుంది?’ లాంటి ప్రశ్నకు జవాబు రాసుకురావాలి. జీపీఎస్ ట్రాక్‌ను ఒప్పుకునే చోట్లూ ఉన్నాయి. అక్కడ మనిషి మాటను నమ్మరని కాదు. చూసినవాళ్లు ఎవరూ లేనప్పుడు ఆధారం చూపించాల్సింది తొక్కినవాడే.

ముందుగా నమోదు చేసుకోకపోతే? అది సొంత రైడ్. అధికారిక జాబితాలోకి ఎక్కదు. మన కుర్రాడిదీ అదే. కాబట్టి ‘200 కిలోమీటర్ల ఈవెంట్ పూర్తిచేశాను’ అని రాయకూడదు. ‘ఆగిపోయిన 200 కిలోమీటర్ల ఈవెంట్ రూట్‌ను స్నేహితుడితో కలిసి సొంతంగా పూర్తిచేశాను, 14 గంటల 10 నిమిషాలు’ అని రాయాలి. ఇక్కడే అతను ఇంకో మాట అడిగాడు. ‘సార్, 13 గంటల 20 నిమిషాలని వేస్తే? ఎవరికి తెలుస్తుంది?’

నిజమే, ఆ 40 నిమిషాల్లోనే గడువు పోయింది. ఈవెంట్ జరిగి ఉంటే అతను లెక్కలోకి వచ్చేవాడు కాదు. కానీ ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాళ్లకు సైక్లింగ్ తెలిసి ఉండొచ్చు. ‘ట్రాక్ ఉందా?’ అంటే ఫోన్ తీయాల్సి వస్తుంది. ఆ అంకె తప్పని తేలితే, మార్కుల దగ్గర్నుంచి ఇంటర్న్‌షిప్ దాకా కాగితం మీదున్న ప్రతిదాన్నీ అనుమానిస్తారు. 14 గంటల 10 నిమిషాలని ఉంటే అడిగే ప్రశ్న వేరు: ‘ఎక్కడ ఆలస్యమైంది?’ దానికి అతని దగ్గర మంచి జవాబే ఉంది. స్పేర్ ట్యూబ్ ఒక్కటే తీసుకెళ్లాడు. పంక్చర్లు రెండయ్యాయి. రెండోసారి పంక్చర్ షాపు తెరిచేదాకా కూర్చున్నారు. పాత మ్యాప్‌లో ఉన్న దాబా మూతపడింది. మధ్యాహ్నం నీళ్ల కోసం ఊళ్లోకి మళ్లారు. ప్లాన్ ఎక్కడ తప్పిందో ఇంత స్పష్టంగా చెప్పగల ఫ్రెషర్లు తక్కువ.

ఇది చదివి రేపే సైకిలు తీస్తామనేవారికి రెండు మాటలు. ఈవెంట్‌లో అయితే దారిలో నిర్వాహకులు ఉంటారు, ఫోన్ చేస్తే ఎవరో ఒకరు పలుకుతారు. ఇక్కడ ఎవరూ ఉండరు. ఇంట్లో చెప్పకుండా వెళ్లొద్దు. ఒంటరిగా వద్దు. ఏ ఊళ్లో ఎన్నింటికి ఉంటారో ఒకరి దగ్గర రాసిపెట్టి వెళ్లండి. మధ్యలో మానేస్తే ఏ ఊరి నుంచి బస్సు దొరుకుతుందో ముందే చూసుకోండి. పాత రూట్‌ను గుడ్డిగా నమ్మొద్దు. ఫ్లైఓవర్లు, డివైడర్లు, సర్వీసు రోడ్లు వచ్చాక మలుపులు మారిపోయి ఉంటాయి. ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్ లేకుండా చీకట్లో హైవే ఎక్కకండి. మన ఏప్రిల్, మే ఎండల్లో అసలు పెట్టుకోవద్దు. గేర్ల సైకిలు లేకపోతే సిగ్గేమీ లేదు, 50, 100తో మొదలుపెట్టండి. నెలలో పరీక్ష ఉంటే మాత్రం సైకిలు పక్కన పెట్టి చదువుకోండి. రూట్ ఎక్కడికీ పోదు.

కుర్రాడు రెజ్యూమె మళ్లీ పంపాడు. 14 గంటల 10 నిమిషాలు అనే ఉంది. పక్కనే బ్రాకెట్లో ‘పంక్చర్లు 2’ అని కూడా రాశాడు. అది మాత్రం తీసేయమన్నాం.