నాకా ముచ్చట్లు: కత్తెర ఎక్కడ పడాలి?



పరీక్షలు అయిపోగానే మన ఇళ్లలో పిల్లలు ఎత్తే పాట ఒకటుంది. "ఇమాజికా పోదాం." మన షోలాపురం నుంచి పుణె మీదుగా ఖోపోలీ దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. బండి కిరాయి, టికెట్లు, తిండి అన్నీ కలిపితే వారం వారం కూలి తీసుకునే ఇంటికి అది చిన్న ఖర్చు కాదు. చాలామంది ఏడాదంతా భిశి కట్టి, ఆ డబ్బు చేతికొచ్చినప్పుడు పిల్లల్ని తీసుకుపోతారు. అంత కష్టపడి పోయాక, పోస్టరులో చూసినదానికీ కళ్లముందు ఉన్నదానికీ పొంతన లేకపోతే ఎలా ఉంటుంది?

ఈ సంచికలో మనం ముచ్చటించుకునేది అదే. కొత్త పార్కు కడతామనో, పాత పార్కులో కొత్త భాగం తెస్తామనో ముందు రంగుల బొమ్మ వేసి చూపిస్తారు. తెరిచేనాటికి అందులో సగం కనబడదు. డబ్బు చాలలేదంటారు. డబ్బు చాలకపోవడం తప్పేమీ కాదు, అది ఎవరికైనా వచ్చే ఇబ్బందే. చాలనప్పుడు కత్తెర ఎక్కడ వేశారన్నదే అసలు సంగతి. ఇది ఎక్కడో అమెరికా వాళ్ల గొడవ అనుకోకండి. చివర మన సంఘం దగ్గరికే వస్తాను.

ముందుగా పని ఎలా జరుగుతుందో చూద్దాం. మొదట బొమ్మ వేసేవాడు వేస్తాడు. అతనికి సిమెంటు ధరతో పనిలేదు. తర్వాత ఇంజనీర్లు లెక్క కడతారు. అప్పు తెస్తే వడ్డీ మొదటి రోజునుంచే నడుస్తుంది, టికెట్టు డబ్బు మాత్రం తలుపులు తెరిచాకే వస్తుంది. కట్టడం ఆరు నెలలు ఆలస్యమైతే ఆరు నెలల వడ్డీ నెత్తిన పడుతుంది. అప్పుడు పెద్దలు కూర్చుని "ఏది తీసేద్దాం" అంటారు. పెద్ద రైడును తీసేయలేరు, పోస్టరు మీద ఉన్నది అదే కాబట్టి. అందుకని పోస్టరులో లేనివి తీసేస్తారు. నీడ పోతుంది, కూర్చునే బల్లలు పోతాయి, గోడల మీది నగిషీ పోతుంది, పాటలు పాడి ఆడి చూపించే మనుషులు పోతారు. కాగితం మీద ఇవన్నీ చిన్న పద్దులే. కానీ రోజంతా ఎండలో తిరిగే తల్లికి, వరుసలో గంటసేపు నిలబడే పిల్లవాడికి పార్కు అంటే అవే.

దీనికి పెద్ద ఉదాహరణ డిస్నీ కంపెనీది. 1991లో వాళ్లు కాలిఫోర్నియాలో తమ పాత పార్కు పక్కనే వెస్ట్‌కాట్ అనే రెండో పార్కు కడతామని చెప్పారు. అంచనా సుమారు 300 కోట్ల డాలర్లు. మరుసటి ఏడు, 1992 ఏప్రిల్‌లో, పారిస్ దగ్గర వాళ్లు తెరిచిన పార్కు అప్పుల్లో మునిగింది. 1994లో ఆ అప్పుల లెక్కలన్నీ తిరగరాసుకోవలసి వచ్చింది. ఆ దెబ్బకు చేయి వెనక్కి తీసుకుని, 1995లో వెస్ట్‌కాట్‌ను పూర్తిగా వదిలేశారు. దాని బదులు చవకలో కాలిఫోర్నియా అడ్వెంచర్ అనే పార్కును 2001 ఫిబ్రవరి 8న తెరిచారు. పార్కు ఖర్చు సుమారు 60 కోట్ల డాలర్లు.

ఇక్కడ కత్తెర అన్నింటి మీదా పడింది. జాతరలో కనబడే రంగులరాట్నాల వంటివి తెచ్చి పెట్టారు. చిన్నపిల్లలు ఎక్కేవి చాలా తక్కువ. ఒక రైడునైతే ఏడాది తిరగకుండానే మూసేశారు. మొదటి ఏడు 70 లక్షల మంది వస్తారనుకుంటే సుమారు 50 లక్షల మందే వచ్చారు. 2002 అక్టోబరులో చిన్నపిల్లల కోసం ఒక భాగం అదనంగా కట్టారు. అదీ చాలలేదు. చివరికి 2007లో, ఈ పార్కును బాగుచేయడానికి 110 కోట్ల డాలర్లు ఖర్చు పెడతామని కంపెనీయే ప్రకటించింది. కట్టినదానికంటే మరమ్మతుకే ఎక్కువ అయిందన్నమాట! 2012 జూన్ 15న మార్చిన పార్కును మళ్లీ తెరిస్తే, అంతకుముందు ఏడాది 63 లక్షలున్న జనం ఆ ఏడు 77 లక్షలు దాటారు. జనం పిచ్చివాళ్లు కారు, తేడా వాళ్లకు తెలుస్తుంది.

అదే 2001లో, సెప్టెంబరు 4న, జపానులో టోక్యో డిస్నీసీ తెరిచారు. పేరు డిస్నీదే అయినా డబ్బు పెట్టిందీ నడిపేదీ ఓరియెంటల్ ల్యాండ్ అనే జపాను కంపెనీ. వాళ్లు 33,500 కోట్ల యెన్లు ఖర్చు పెట్టి, గోడలోని రాయి దగ్గరనుంచి నీళ్ల ఒడ్డు దాకా దేన్నీ చవక చేయలేదు. పాతికేళ్లు కావస్తున్నా ప్రపంచంలోని మంచి పార్కుల్లో దాని పేరు ముందు చెబుతారు. కొత్త భాగం కలపడానికి వాళ్లు తొందర పడలేదు. 2024 జూన్‌లో ఫాంటసీ స్ప్రింగ్స్ అనే పెద్ద భాగాన్ని తెరిచారు. దానికీ 32,000 కోట్ల యెన్లు అయ్యాయి. అంత డబ్బు అందరికీ ఉండదు, నిజమే. అందుకే తక్కువ డబ్బు ఉన్నవాళ్ల సంగతి కూడా చూడాలి.

పారిస్ వాళ్లు తమ రెండో పార్కును 2002 మార్చి 16న తెరిచారు. అది కూడా చవకలో కట్టినదే, రైడ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2018లో దాన్ని 200 కోట్ల యూరోలతో పెంచుతామని, మూడు కొత్త భాగాలు వస్తాయని ప్రకటించారు. ఒకటి మార్వెల్ వీరులది, రెండోది మంచురాణి ఫ్రోజెన్ కథది, మూడోది స్టార్ వార్స్‌ది. మార్వెల్ భాగం 2022 జూలైలో తెరిచారు. స్టార్ వార్స్ మాట మెల్లగా జారిపోయింది. దాని ఊసు ఎత్తకుండానే 2024లో లయన్ కింగ్ రైడు ప్రకటించారు. ఫ్రోజెన్ భాగానికి 2026 మార్చి 29 అని తేదీ చెప్పారు. అంటే బొమ్మ చూపించిన నాటినుంచి ఎనిమిదేళ్లు! ఆనాడు బొమ్మ చూసి మురిసిన ఆరేళ్ల పిల్లవాడికి ఇప్పుడు మీసం వస్తుంటుంది.

కాలిఫోర్నియాలోనే 2019 మే 31న 14 ఎకరాల స్టార్ వార్స్ ఊరు తెరిచారు. కట్టడం మటుకు అద్భుతం. ఎవరూ ఆ మాట కాదనరు. అయితే ఊరంతా కథలోని మనుషులు, మరబొమ్మలు తిరుగుతాయని, వచ్చినవాళ్లతో మాట కలుపుతాయని ముందు చెప్పిన ముచ్చట్లలో చాలా భాగం ప్రారంభం నాటికి లేదు. తెరిచిన రోజున రైడు ఒక్కటే ఉంది. రెండోది 2020 జనవరిలో వచ్చింది. గోడలు అన్నీ ఉన్నాయి, ఊళ్లో మనుషులు తక్కువ. పెళ్లి పందిరి బాగా వేసి సన్నాయివాడిని మానిపించినట్టు అయింది.

ఇక మన దేశం. ఖోపోలీ ఇమాజికా 2013లో తెరుచుకుంది. సుమారు 1,600 కోట్ల పెట్టుబడి, అందులో అప్పు భాగం చాలా పెద్దది. పార్కు బాగానే ఉంది, మన పిల్లలకు నచ్చింది కూడా. కానీ జనం కట్టే టికెట్టు వడ్డీకే చాలక, మీదినుంచి కరోనా మూతలు పడి, చివరికి 2022లో యాజమాన్యం మాల్పానీ వారి చేతికి వెళ్లింది. అప్పు నెత్తిన ఉన్నంతకాలం కొత్త రైడు గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

దీని పక్కన వండర్‌లా వాళ్లను చూడండి. వోల్టేజి స్టెబిలైజర్ల వీ-గార్డ్ కంపెనీ పెట్టిన కొచౌసెఫ్ చిట్టిలపిళ్లి గారు 2000లో కొచ్చిలో ఒక పార్కు మొదలుపెట్టారు. అది నిలదొక్కుకున్నాక 2005లో బెంగళూరు. పదకొండేళ్లు ఆగి 2016లో మన హైదరాబాదు, రావిర్యాల దగ్గర. ఆ తర్వాత 2024లో భువనేశ్వర్, 2025 చివర చెన్నై. అప్పు తక్కువ పెట్టుకున్నారు, కొన్ని రైడ్లు తమ కార్ఖానాలోనే తయారు చేసుకున్నారు. ఇరవై అయిదేళ్లలో అయిదు పార్కులంటే పెద్ద వేగమేమీ కాదు. కానీ ఒకటి కాలు మీద నిలబడ్డాకే రెండోదాని సంగతి చూశారు.

ఇదంతా నేత తెలిసిన మనకు కొత్త పాఠం కాదు. నూలు ధర పెరిగినప్పుడు మన కార్ఖానాల్లో రెండు దారులు కనబడతాయి. చద్దరు కొలత అంతే ఉంచి, ఇంచికి పడే పోగులు తగ్గించడం ఒక దారి. టర్కీ టవలైతే పైనున్న లూపు పొట్టి చేసి బరువు తగ్గించడం. దుకాణంలో మడత మీద ఉన్నంతసేపు ఎవరికీ తెలియదు. రెండు ఉతుకులు పడ్డాక వెలుతురుకు పట్టి చూస్తే అవతలి మనిషి కనబడతాడు. ఆ గిరాకీ మళ్లీ రాడు. రెండో దారి, పోగు తగ్గించకుండా కొలత తగ్గించి, "ఇది చిన్న సైజు" అని చెప్పి అమ్మడం. షోలాపురి చద్దరుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అది రెండో దారిన నడిచినవాళ్ల పుణ్యం.

చద్దరు ఉన్నంతవరకే కాళ్లు చాపాలని పెద్దలు చెప్పారు. ఆ మాటకు మన ఊరివాళ్లం ఇంకొక్కటి కలుపుకోవచ్చు. పొట్టి చద్దరు పిల్లలకు పనికొస్తుంది, పలచటి చద్దరు ఎవరికీ పనికిరాదు.

ఇప్పుడు మన సంఘం దగ్గరికి వద్దాం. సమాజ మందిరం వెనక ఖాళీ జాగాలో పిల్లల తోట వేద్దామని అనుకున్నది మీకందరికీ తెలుసు. ఊయలలు, జారుడుబల్లలు, ఫౌంటెన్, చుట్టూ తిరిగే చిన్న రైలు, నాటకాలకు వేదిక, తాతల నాటి చేమగ్గం పెట్టి పిల్లలకు నేత చూపించే ఒక గది. కరపత్రం మీద బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. వచ్చిన విరాళాలు మాత్రం అంచనాలో సగం దాటలేదు.

కార్యవర్గంలో ఇప్పుడు రెండు మాటలు నడుస్తున్నాయి. ఒకటి, చెప్పినవన్నీ చేద్దాం, కానీ సన్నపైపుల ఊయలలు తెద్దాం, రేకుల నీడ, మంచినీళ్ల కుళాయి, కావలి మనిషి జీతం తర్వాత చూసుకుందాం అని. రైలు లేకపోతే పిల్లలు రారని, రైలుకని పేరు చెప్పి ఇచ్చిన దాతలు ఏమనుకుంటారని వారి మాట. అందులో న్యాయం లేకపోలేదు. ఇచ్చినవారికి జవాబు చెప్పాలి కదా. రెండో మాట, రైలు, ఫౌంటెన్, వేదిక పక్కన పెట్టి, ఊయలలు, నీడ, నీళ్లు, మరుగుదొడ్డి, మగ్గం గది మాత్రం గట్టిగా చేద్దాం అని.

నా మొగ్గు రెండోదాని వైపే. మన ఊరి ఎండ మార్చి నుంచే మాడుస్తుంది. నీడలేని తోటకు సాయంత్రం ఆరు దాకా ఎవరూ రారు. సన్నపైపు ఊయల రెండేళ్లకు విరుగుతుంది. విరిగిన ఊయల కింద ఏ ఇంటి పిల్ల ఉంటుందో ఎవరు చెప్పగలరు? రైలు లేదని పిల్లలు ఒకరోజు అలుగుతారు, అంతే. మగ్గం గదికి పెద్ద ఖర్చు లేదు. విప్పి అటక మీద పెట్టిన మగ్గాలు మనవాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి, పడుగు పేకల తేడా చూపించే పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు. పదేళ్లు పోతే రైలు కొనవచ్చు. ఆ పెద్దల్ని కొనలేం.

దాతల సంగతికి ఒకటే మార్గం కనబడుతోంది. ఏది ఇప్పుడు చేస్తున్నాం, ఏది వాయిదా వేశాం, ఏది మానేశాం అని ఒక పలక మీద రాసి మందిరం గోడకు తగిలిద్దాం. రైలుకని ఇచ్చినవారిని ఇంటికి వెళ్లి అడుగుదాం. నీడకు మార్చుకుంటారా, డబ్బు వాపసు కావాలా అని. పెద్ద కంపెనీలు మాట మార్చినప్పుడు మౌనంగా ఉంటాయి. మనం రోజూ ఎదురుపడే మనుషులం, మనకు ఆ మౌనం చెల్లదు. ఈ నిధిలో బీడీలు చుట్టే తల్లులు వారానికి పదీ ఇరవై చొప్పున వేసిన డబ్బు కూడా ఉందని మరచిపోకూడదు.

ఇక సెలవుల్లో పార్కులకు పోయేవారికి రెండు మాటలు. కొత్త భాగం తెరిచారని పేపర్లో చూడగానే బయలుదేరకండి. అప్పటికే చూసివచ్చినవారిని అడగండి. ఏ రైడ్లు నిజంగా నడుస్తున్నాయి, మీ పిల్లల ఎత్తుకు ఎన్ని ఎక్కనిస్తారు, ముసలివారు కూర్చోవడానికి నీడ ఉందా అని. ఒక ఆరు నెలలు ఆగితే పోయేదేమీ లేదు, భిశి డబ్బు ఎక్కడికీ పోదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో తోట సంగతి తేలుతుంది. మగవాళ్లు మాత్రమే వచ్చి చేతులెత్తి పోవడం కాదు, పిల్లల్ని తోటకు తీసుకొచ్చేది తల్లులు, అమ్మమ్మలు కాబట్టి వారు తప్పక రావాలి. రాలేనివారు తమ మాట చీటీ మీద రాసి మందిరం పెట్టెలో వేయండి. ఒప్పుకున్నా, కాదన్నా, వచ్చినవన్నీ సమావేశంలో చదివి వినిపిస్తాం.