ప్రతిభయా? అభ్యాసమా?

ఒలింపిక్ క్రీడోత్సవములు ముగిసిన ప్రతిపర్యాయమును మన దేశమున ఒక వాదము తలయెత్తుచుండును. 140 కోట్లకు మించిన జనముగల ఈ దేశమునకు 2024వ సంవత్సరమున పారిస్ నగరమందు లభించినవి 6 పతకములు. అందు స్వర్ణమొక్కటియు లేదు. అర్ధకోటికి కొంచెము మించిన జనముగల న్యూజిలండు దేశమునకు లభించినవి 20 పతకములు. అందు 10 స్వర్ణములు. ఈ లెక్కను చూచి కొందఱు, మనవారికి ఆటలయందు సహజప్రతిభ లేదని నిట్టూర్చుచున్నారు. మఱికొందఱు, ప్రతిభకు కొదువలేదు గాని మన పిల్లలకు కష్టపడు స్వభావమే లేదని మందలించుచున్నారు. మొదటివారు నేరమును బ్రహ్మదేవునిపై మోపుచున్నారు. రెండవవారు బాలబాలికలపై మోపుచున్నారు. ఈ రెండు పక్షములకును ఒక్క సామ్యము కలదు. ఇరువురును ఆటస్థలమును గూర్చి మాటాడరు.

ప్రశ్న క్రొత్తది కాదు. 1869వ సంవత్సరమున ఇంగ్లండునందు ఫ్రాన్సిస్ గాల్టన్ అను పండితుడు, మేధాశక్తి వంశపారంపర్యముగ సంక్రమించునని ఒక గ్రంథమును ప్రకటించెను. ఏలువారు పుట్టుకతోడనే ఏలుటకు తగినవారనియు, ఏలబడువారు పుట్టుకతోడనే అందుకు తగినవారనియు చెప్పుకొనగోరువారికి అట్టి వాదము మిక్కిలి అనుకూలించెను. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ మొదలగు మనశ్శాస్త్రజ్ఞులు బెర్లినునందలి ఫిడేలు విద్యార్థులను పరిశీలించి, వారిలో ఉత్తములు ఇరువదియేండ్లు వచ్చునప్పటికి సగటున 10,000 గంటలకు పైగా ఒంటరిసాధన చేసియుండిరని తేల్చిరి. 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ అను రచయిత దీనిని జనరంజకముగ వ్రాయగా, పదివేల గంటల సూత్రము లోకమంతట మంత్రమువలె వ్యాపించెను. అది సగటు సంఖ్యయే గాని సిద్ధికి గీచిన గీత కాదనియు, గంటలు లెక్కించుట చాలదనియు, ఎట్టి సాధన యనునదే ముఖ్యమనియు ఎరిక్సనే పిమ్మట చెప్పుకొనవలసివచ్చెను.

పుట్టుకకు ప్రమేయము లేదనుట సత్యమునకు కన్నులు మూసికొనుటయే యగును. స్వీడను దేశీయుడగు స్టెఫాన్ హోల్మ్ బాల్యమునుండి హైజంపునే తపస్సుగ సాగించి, 2004లో ఏథెన్సునందు ఒలింపిక్ స్వర్ణమును గడించెను. అతని పొడవు 1.81 మీటర్లు మాత్రమే. ఆ పందెమున అది పొట్టితనమే యనవలెను. బహమాదేశీయుడగు డోనాల్డ్ థామస్ ఆ విద్యను 2006లో ప్రారంభించెను. 2007లో ఒసాకా నగరమున ప్రపంచపోటీలు జరుగగా, నిండ రెండేండ్ల సాధనయైన లేని థామస్ 2.35 మీటర్లు దూకి విజేతయయ్యెను, హోల్మ్ నాలుగవవాడయ్యెను. క్లాడ్ బూషార్ మొదలగు శాస్త్రజ్ఞులు వ్యాయామమెఱుగని 98 కుటుంబములవారిచేత 20 వారములు ఒకే విధమగు వ్యాయామమును చేయించిరి. కొందఱి ప్రాణవాయుశక్తి విశేషముగ వృద్ధిపొందెను. కొందఱిది దాదాపు ఉన్నచోటనే యుండెను. ఈ తారతమ్యమున సగభాగమునకు వంశమే కారణమని వారు 1999లో ప్రకటించిరి. అనగా అభ్యాసఫలమును స్వీకరించు శక్తియు కొంతవఱకు పుట్టుకతో వచ్చునదే.

అట్లని ప్రతిభయే సర్వమనవచ్చునా? థామసు కథను కడవఱకు చదువవలెను. అతని జీవితమునందలి అత్యుత్తమమగు దూకు 2016లో సాధించిన 2.37 మీటర్లు. తొమ్మిదేండ్లలో అతడు కూడబెట్టినది రెండు సెంటీమీటర్లు. ఒలింపిక్ పతకము అతనికి దక్కనేలేదు. బ్రూక్ మాక్నమారా మొదలగువారు 2016లో అనేక పరిశోధనలను క్రోడీకరించి, క్రీడాకారులలో కనబడు తారతమ్యమున సాధనవలన ఏర్పడునది నూటికి 18 పాళ్లనియు, అత్యున్నతశ్రేణివారి నడుమ అది నూటికి 1 పాలు మాత్రమే యనియు చెప్పిరి. ఈ సంఖ్యను చూపి సాధన వ్యర్థమనువారు కలరు. శిఖరమును చేరిన పదిమందియు కొండనెక్కినవారే యైనప్పుడు, వారిలో ఒకరికొకరికి గల భేదమును ఎక్కుట యనునది తెలుపజాలదు. అంతమాత్రమున ఎక్కకయే శిఖరమును చేరవచ్చునని అర్థము కాదు గదా!

ఈ చిక్కును మన ఆలంకారికులు కవిత్వవిషయమున ఏనాడో విడదీసిరి. శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడును కలిసి కావ్యమునకు ఒక్క కారణమే యగునుగాని, మూడు వేర్వేరు కారణములు కావని మమ్మటుడు నిర్ణయించెను. దండియో, ప్రతిభ లేనివానికిని శ్రద్ధాయత్నములవలన సరస్వతి కొంత అనుగ్రహము చూపకపోదని ఊఱడించెను. ఇందు నిపుణత యనగా లోకమును, శాస్త్రమును, పెద్దల రచనలను పరిశీలించుటవలన అలవడునది. క్రీడలకు దీనిని అన్వయించితిమేని, ఆటస్థలము, గురువు, ఆహారము, సాటివారితో పోటీ అను నాలుగును ఈ మధ్యపదమున ఇముడును. నేటి వాదమునందు మొదటి పదమును కొందఱు, మూడవ పదమును కొందఱు పట్టుకొని పెనగులాడుచున్నారు. మధ్యపదము దిక్కులేనిదై పడియున్నది. మన క్రీడాదారిద్ర్యమునకు మూలము అచటనే యున్నదని మా దృఢాభిప్రాయము.

దీనికి హాకీ చరిత్రకన్న మంచి నిదర్శనము లేదు. 1928 మొదలు 1980 వఱకు మన దేశము ఆ ఆటలో 8 ఒలింపిక్ స్వర్ణములను గెలిచెను. పాశ్చాత్యులు మన ఆటగాండ్ర మణికట్టు నేర్పును చూచి, ప్రాచ్యులకు అది పుట్టుకతో వచ్చిన ఇంద్రజాలమని కొనియాడుచుండిరి. అంతకుముందు 1896లో ఇంగ్లండు పక్షమున మాంచెస్టరునందు 154 పరుగులు చేసి అజేయుడై నిలిచిన రంజిత్‌సింహజీని గూర్చియు ఇట్లే పలికిరి. వెనుకకు జరుగు దుర్గుణము మానుటకై ఆయన కాలిని నేలకు కట్టి కేంబ్రిడ్జిలో సాధన చేయించిరను ప్రతీతి ఆ ఇంద్రజాలమునకు ఒదుగలేదు కాబోలు! ధ్యాన్‌చంద్ సంగతియు ఇట్టిదే. 1922లో సైన్యమున చేరుటకు పూర్వము తాను చెప్పుకొనదగినంతగా హాకీ ఆడలేదని ఆయనయే వ్రాసికొనెను. ఆయనకు మైదానమును, నేర్పువారిని, తీఱికను, పోటీని ఇచ్చినది సైనికదళము. ఆయన ప్రతిభ అసామాన్యము, సందేహము లేదు. కాని ఆ దళములో చేరకున్న అది ఎవరికి తెలిసియుండెడిది? పుట్టుకతో వచ్చినదను స్తోత్రము పైకి పొగడ్తవలె నుండును; లోన అది మన శ్రమను మన లెక్కలోనుండి కొట్టివేయుటయే.

1975 మార్చిలో కౌలాలంపూరునందు మనవారు ప్రపంచకప్పును గెలిచిరి. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో ఏడవస్థానమునకు దిగజాఱిరి. పదునాఱు నెలలలో ఒక జాతి రక్తము మాఱునా? మాఱినది నేల. మాంట్రియలునందు తొలిసారిగ గడ్డికి బదులు కృత్రిమపు పచ్చికపై ఒలింపిక్ హాకీ ఆడించిరి. దానిపై బంతి వేగము వేఱు, అడుగు వేఱు, దేహబలముతో పని వేఱు. ధనికదేశములు త్వరలోనే ఊరూర అట్టి మైదానములను పఱచుకొనెను. మన బాలురు గడ్డిపై, మట్టిపై నేర్చి, ఎదిగిన పిమ్మట క్రొత్తనేలకు అలవాటుపడవలసివచ్చెను. సంఘములలోని కలహములును, ఏలికల అలక్ష్యమును తోడయ్యెను. 1980లో అనేకదేశములు బహిష్కరించిన మాస్కో క్రీడలలో ఒక స్వర్ణము దక్కినను పతనము ఆగలేదు. 2008లో బీజింగు క్రీడలకు అర్హతయే లభింపలేదు. 1936లో బెర్లినునందు జర్మనీని 8-1 గోల్సుతో ఓడించినవారి మనుమలకు ఈ గతి పట్టుటకు విధాతను నిందింప పనిలేదు.

తిరిగి తలయెత్తుట ఎట్లు జరిగినది? ఒడిషా రాష్ట్రమందలి సుందర్‌గఢ్ జిల్లాను చూడుడు. అచటి పల్లెలలో పిల్లలు వెదురుకఱ్ఱలతో హాకీ ఆడుదురు. మేకపోతును బహుమానముగ నుంచి ఊళ్లకు ఊళ్లు పందెములాడును. దిలీప్ టిర్కీ మొదలు అమిత్ రోహిదాస్ వఱకు ఎందఱో జాతీయ ఆటగాండ్రను ఆ జిల్లా ఇచ్చెను. వారి రక్తమునందే హాకీ కలదని చెప్పుట పరిపాటియైనది. రక్తమునందు కలదో లేదో మేమెఱుగము. ప్రతియూరి మైదానమునందు కలదని మాత్రము స్పష్టము. 1985లో రూర్కెలాయందు పాన్‌పోష్ క్రీడావసతిగృహము ఏర్పడి, ఆ పల్లెపిల్లలకు అన్నమును, గురువును ఇచ్చెను. 2018 నుండి ఒడిషా ప్రభుత్వము జాతీయజట్టులకు పోషకురాలయ్యెను. 2020వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలు 2021లో టోక్యోనందు జరిగినప్పుడు, 41 ఏండ్ల పిమ్మట మన పురుషులజట్టు కాంస్యపతకమును తెచ్చెను. 2024లో పారిసునందు మఱల తెచ్చెను. నేల దొరికినంతనే పోయినదనుకొన్న ప్రతిభ ఎచటినుండి వచ్చెను? అది ఎచటికిని పోలేదు గనుక!

మన తెలుగునాట కథయు ఇదియే చెప్పుచున్నది. శ్రీకాకుళము జిల్లా ఆముదాలవలస ప్రాంతమున పెరిగిన కరణం మల్లేశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీయందు మొత్తము 240 కిలోల బరువునెత్తి, ఒలింపిక్ పతకమును గెలిచిన తొలి భారతమహిళ యయ్యెను. 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటను పోటీలను గెలిచిన పుల్లెల గోపీచంద్, నాటి రాష్ట్రప్రభుత్వమిచ్చిన స్థలమున, ఒక దాత యొసగిన ధనసహాయముతో 2008లో గచ్చిబౌలియందు శిక్షణాలయమును తెఱచెను. అచట సాధన చేసిన సైనా నెహ్వాల్ 2012లో లండనునందు కాంస్యమును, పి.వి. సింధు 2016లో రియోనందు రజతమును గెలిచిరి. సింధు తల్లిదండ్రులిరువురును వాలీబాలు క్రీడాకారులు; తండ్రి రమణ 1986 సియోల్ ఏషియా క్రీడలలో పతకము గెలిచిన జట్టులోనివాడు. ఆమె పొడవును, పుట్టుకను ఎవరును కాదనరు. కాని ఆ పుట్టుకయే ఆటస్థలమెఱుగని మాఱుమూల గ్రామమున, దారి చూపగల తల్లిదండ్రులు లేనియింట కలిగియుండినచో ఏమయ్యెడిది? పొడగరి పిల్ల యని ఊరివారు చెప్పుకొని యూరకుండెడివారు.

ఇందుచేత మేము చెప్పునదేమనగా: ప్రతిభ యొక్కటే చాలునను వాదమును, అభ్యాస మొక్కటే చాలునను వాదమును రెండును అసత్యములే గాక, రెండును ఒకే ప్రయోజనమును నెఱవేర్చుచున్నవి. మొదటిది, లేని ప్రతిభకు ధనమేల వెచ్చింపవలెనని ప్రభుత్వమును విముక్తము చేయును. రెండవది, ఓడినవాడు చాలినంత కష్టపడలేదని నేరమును పసివానిపై వైచి, మఱల ప్రభుత్వమునే విముక్తము చేయును. ఈ రెండవ ఉపదేశము మిక్కిలి క్రూరమైనది. దీనిని నమ్మి తల్లిదండ్రులు ఇల్లు, భూమి తాకట్టుపెట్టి పిల్లలను శిక్షణాలయములకు పంపుచున్నారు. పతకము రానినాడు ఆ బాలుడు తన దేహపరిమితిని తన సోమరితనమని భావించి కుమిలిపోవుచున్నాడు. కష్టపడిన ప్రతివాడును విజేత కాడని చిన్ననాడే చెప్పుట న్యాయము. విజేత కాకున్నను ఆడిన దేహమును, ఓర్చిన మనస్సును వానివేయని చెప్పుట అంతకన్న న్యాయము.

ఏకలవ్యుని కథ ఎఱుగనివారు లేరు. అతనికి ప్రతిభ కలదు, అభ్యాసము కలదు, గురువు నిరాకరించినను సాధించెను. అతనినుండి అడిగి తీసికొన్నది ఆ రెంటిలో నేదియు కాదు; సాధనకు ఉపకరణమగు బొటనవ్రేలు. నేడు మనము పిల్లల వ్రేళ్లను కోరుటలేదు. పాఠశాలలకు మైదానములు లేకుండ చేయుచున్నాము. ఉన్న మైదానములలో అంగళ్లు కట్టుచున్నాము. వ్యాయామపు గంటను లెక్కల గంటగ మార్చుచున్నాము. అద్దెమేడల అంతస్తులలో విద్యాలయములు నడుపుచున్నాము. ఫలము ఒక్కటియే.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రతిపాఠశాలకును ఆటస్థలముండవలెనని తన అనుబంధమున విధించెను. క్రొత్తశాసనముతో పనిలేదు, ఉన్నదానిని అమలుజరుపుడని మేము రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములను కోరుచున్నాము. ప్రతిపాఠశాలకు ఆటస్థలమును, వ్యాయామోపాధ్యాయుని ఇండు. మండలమునకొక్కటియైన మంచి మైదానమును ఏర్పఱచి, పాఠశాలల నడుమ ఏటేట పోటీలు జరుపుడు. జమైకా దీవిలో పాఠశాలల పరుగుపందెములు 1910 నుండి జరుగుచున్నవి. ఉసేన్ బోల్ట్ ఆ పందెములలో పరుగెత్తి పైకివచ్చినవాడే. పువ్వు పుట్టగనే పరిమళించునని మన పెద్దలు చెప్పుదురు. నిజమే, కాని మొక్కకు నీరు పోసిననాడే పువ్వు పుట్టును. ఏ విత్తనమున ఏమున్నదో విత్తకముందు చెప్పగల జ్యోతిష్కుడు లేడు. ప్రకృతి ఎవరికెంత ఇచ్చెనో మన చేతిలో లేదు. ఇచ్చినది వెలికివచ్చుటకు చోటుచూపుట మాత్రము మన చేతిలోనిది. ఆ పని ముగించిన పిమ్మట ప్రతిభయా, అభ్యాసమా యని తీఱికగ వాదించుకొనవచ్చును.