రెండు నిమిషాల విమానం దండగ కాదు

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్కినీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు లంకలున్నాయి. వాటి విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 2.7 కిలోమీటర్లు, ఎడిన్‌బరో విమానాశ్రయంలో రన్‌వే పొడవే దాదాపు అంత ఉంటుంది. 1967 నుంచి లోగన్‌ఎయిర్ సంస్థ అక్కడ విమానం నడుపుతోంది. టైంటేబుల్ ప్రకారం ప్రయాణం రెండు నిమిషాలు, రికార్డు 53 సెకన్లు. ప్రపంచంలో ఇంతకంటే చిన్న షెడ్యూల్డ్ విమాన ప్రయాణం లేదు. దీనికి ప్రజాధనం ఎందుకని ఎవరైనా అడుగుతారు. కిలోమీటర్లనూ నిమిషాలనూ మాత్రమే చూస్తే ఆ ప్రశ్న సబబుగానే కనిపిస్తుంది. కానీ మారుమూల ఊళ్ల విషయంలో చూడవలసింది వేరు: ఈ విమానం లేకపోతే అక్కడి మనిషికి ఎంత కాలం వృథా అవుతుంది?

ఆ రెండు నిమిషాలు అసలు ప్రయాణంలో ఒక ముక్క మాత్రమే. విమానం బయల్దేరేది ఆర్కినీ ముఖ్యపట్టణం కిర్క్‌వాల్ నుంచి. పెద్దాసుపత్రి, దుకాణాలు, కార్యాలయాలు అక్కడే ఉన్నాయి. అక్కడి నుంచి పాపా వెస్ట్రేకు గాలిలో పావుగంట పని. ఓడలో వెస్ట్రే చేరడానికే గంటన్నర దాకా పడుతుంది, ఆపైన మళ్లీ చిన్న పడవ ఎక్కాలి. పాపా వెస్ట్రే జనాభా నూరు లోపే. అంత చిన్న లంకకు అన్ని వృత్తుల వారూ ఉండరు. వచ్చిపోయే టీచరు, వైద్యుడు, కిర్క్‌వాల్‌లో చూపించుకోవలసిన రోగి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగితేనే ఊరు నిలుస్తుంది. వంతెన కట్టవచ్చు కదా అంటే, వందమంది కోసం ఉత్తర సముద్రపు అలల మీద కట్టే వంతెన ఖర్చు ముందు ఎనిమిది సీట్ల విమానం ఖర్చు ఏపాటిది? పొగమంచు కమ్మినా, ఈదురుగాలి వీచినా ఆ విమానం ఆగిపోతుంది, నిజమే. అందుకే పడవా ఉండాలి, విమానమూ ఉండాలి. ఇంధనం కాలుస్తున్నారన్న అభ్యంతరం మాత్రం గట్టిది. అయితే బ్యాటరీతో ఎగరడానికి మొదట వీలయ్యేది ఇలాంటి పొట్టి దూరాలే. 2021లో ఆర్కినీలో హైబ్రిడ్ విద్యుత్ విమానాన్ని పరీక్షించింది అందుకే.

చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే మన ఉడాన్ పథకానికి ఇందులో పాఠం ఉంది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీ సర్వీసుతో పాటు కడప–హైదరాబాద్ సర్వీసునూ ప్రధాని ప్రారంభించారు. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, 2,500 రూపాయల గరిష్ఠ ధర పెట్టారు. విమాన సంస్థల నష్టానికి ప్రభుత్వ సాయం మూడేళ్లపాటు. ఈలోగా ప్రయాణికులు పెరిగి సర్వీసు తన కాళ్ల మీద నిలబడుతుందని లెక్క. 2023లో ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ చెప్పింది వేరు: తొలి మూడు విడతల్లో మంజూరైన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు, మొదలైన 371లో మూడేళ్లూ నడిచినవి 112. దీన్నిబట్టి పథకమే వద్దనేవారున్నారు. నేను ఒప్పుకోను. రాత్రి బస్సో రైలో ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగే కడపకు మూడేళ్ల గడువు న్యాయమే. అక్కడ జనం ఉన్నారు, గిరాకీ పెరగవచ్చు. కొండల నడుమా సముద్రం మధ్యా ఉన్న ఊళ్లలో పెరగడానికి జనమే లేరు. ఈశాన్యానికీ దీవులకూ పథకంలో కొన్ని సడలింపులున్నా, గడువు తీరాక ఏమిటన్న ప్రశ్న అలాగే ఉంది. అలాంటి చోట్ల విమానాన్ని ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులా చూడాలి. రోడ్డునో పడవనో నమ్ముకుంటే రోజంతా పోయే మార్గాలను ముందుగా గుర్తించి, వాటికి గడువు లేని సాయాన్ని బడ్జెట్‌లోనే విడిగా కేటాయించాలి.