కొండెక్కిన బండికి దగ్గెందుకు?

కిందటి వేసవిలో మా బావమరిది తన పాత కారులో మమ్మల్నందరినీ ఉదకమండలం తీసుకువెళ్ళాడు. మేట్టుపాళయం దాకా గుర్రంలా పరుగెత్తిన బండి, ఘాటు రోడ్డు ఎక్కేకొద్దీ దగ్గడం మొదలుపెట్టింది. వెనక నల్లటి పొగ. "పెట్రోలు అందడం లేదు కాబోలు" అన్నాడు బావమరిది. నిజానికి జబ్బు అది కాదు. పెట్రోలు ఎక్కువై, గాలి చాలలేదు.

ఇంజనుకు పెట్రోలొక్కటే ఆహారం కాదు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే తూకంలో సుమారు 15 పాళ్ళ గాలి కావాలి. ఉదకమండలం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున వున్నది. అక్కడి గాలి సముద్రతీరపు గాలికంటె దాదాపు అయిదో వంతు పలచన. పాత బండ్లలోని కార్బురేటరు, గాలి తగ్గినంతగా పెట్రోలును తగ్గించలేదు. లాంతరు వత్తి మరీ పెంచితే చిమ్నీకి మసి పట్టదూ? ఇదీ అంతే.

కొండమీది ముసలి మెకానిక్కు నవ్వి, కార్బురేటరులో నుంచి జెట్టు తీశాడు. పెట్రోలు వచ్చే బెజ్జం గల చిన్న ఇత్తడి మర అది. దాని బదులు ఇంకా సన్నని బెజ్జం గల జెట్టు బిగించి, పాతదాన్ని పొట్లం కట్టి యిచ్చి, "కొండ దిగగానే మళ్ళీ మార్పించండి" అన్నాడు.

పొగ పోయింది. మూడు రోజులు హాయిగా తిరిగాము. దిగేటప్పుడు పొట్లం సంగతి అందరమూ మరిచాము. మైదానంలో వేగం పెంచగానే ఇంజను మితిమీరి వేడెక్కి, లోపల టకటకమని కొట్టుకోసాగింది. ఇప్పుడు గాలి చిక్కన, పెట్రోలు తక్కువ! అలాగే తోలితే వాల్వులో, పిస్టన్లో కాలిపోయేవి. "ఆ ముసలాయన ఇచ్చిన పొట్లమేదిరా?" అని మా ఆవిడ తమ్ముణ్ణి అడగబట్టి సరిపోయింది. అది అతని చొక్కా జేబులోనే వున్నది.

పిస్టను ఇంజను గల చిన్న విమానాలలో ఈ పనికి ప్రత్యేకంగా ఒక మీట వుంటుంది. పైకి పోయేకొద్దీ పైలటు పెట్రోలు పాలు తగ్గిస్తాడు. దిగేటప్పుడు మరవకుండా పెంచుతాడు. మరిచాడా, బలం కావలసిన క్షణంలోనే ఇంజను మొరాయించవచ్చు.

నేటి కార్లలో ఆ మరుపు భయం లేదు. సెన్సర్లు గాలి సంగతి చెప్పగా, కంప్యూటరు పెట్రోలు చిమ్మే కాలాన్ని సెకనులో వెయ్యోవంతుల లెక్కన సవరిస్తుంది. అయినా లేని గాలిని అదీ తేలేదు. టర్బో లేని బండికి కొండమీద బలం కొంత తగ్గవలసిందే.

పాత బండి గలవారికి నా మనవి ఒక్కటే. కొండెక్కాక చేయించిన మార్పును దిగాక సరిచేయించడం మరవకండి. ఆ పొట్లం మాత్రం ఇల్లాలి చేతికివ్వండి!