ఆపితే వెలుగులో ఆపండి!

రాత్రిపూట ఒంటరిగా బండి నడిపే అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా, వాళ్లు ఇల్లు చేరేదాకా కునుకు పట్టని తల్లిదండ్రులారా!

మొన్న మా కాలనీ నర్సు ఒకామె డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికొస్తోంది. ఔటర్ సర్వీసు రోడ్డులో దీపాలు లేని చోట ఇద్దరు టార్చి కొట్టి ఆపారు. ఒకడిది ఖాకీ ప్యాంటు, పైన టీషర్టు. రెండోవాడు మఫ్టీలో ఉన్నాడు. ఛాతీ మీద పేరు లేదు, పక్కన పోలీసు బండి లేదు. లైసెన్సు అడగలేదు, ముందు తాళం పీకేశారు. ‘ఇంత రాత్రి ఎక్కణ్ణుంచి?’ అంటూ ముప్పావుగంట నిలబెట్టారు. వాళ్లు పోలీసులో, దొంగలో ఆమెకు ఇప్పటికీ తెలీదు. ఫిర్యాదు చేద్దామని వెళ్తే స్టేషన్లో మొదటి ప్రశ్న: ‘వాళ్ల పేర్లేంటి?’

ఆ పేర్లు చెప్పాల్సింది ఎవరు? ఆపినవాళ్లు కాదా?

మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం లైసెన్సు అడిగే పోలీసు యూనిఫాంలో ఉండాలి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనబడాలని నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. పొద్దుగూకాక ఆడమనిషిని అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. కానీ ఇవన్నీ అరెస్టుకు. చీకట్లో ఆపి గంటసేపు నిలబెడితే అది అరెస్టు కాదంటారు. అక్రమమంతా ఆ సందులోంచే దూరుతోంది. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టమని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. మరి రోడ్డు మీద ఆపినప్పుడు చూసే కన్నేది?

ఇక తాళం సంగతి. ఇది చిన్న విషయం కాదు, అసలు విషయమే ఇది. లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేని బండిని పట్టుకుని ఉంచడానికి 207వ సెక్షన్ ఉంది. తాళం గుంజుకోవడానికి ఏ సెక్షనూ లేదు. అయినా రోజూ, ప్రతి కూడలిలో, హోంగార్డు దగ్గర్నుంచి అందరూ గుంజుకుంటూనే ఉన్నారు. పట్టపగలు జనం మధ్య అది అవమానం. అర్ధరాత్రి ఒంటరి ఆడపిల్లకు అది నిర్బంధం. తాళం పోయిందంటే కదలడానికి లేదు, ముక్కూ మొహం తెలీనివాడు చెప్పిందే చట్టం. పైగా ఈ అలవాటును చూసే దొంగ పోలీసులు బతుకుతున్నారు. తాళం లాక్కుంటే పోలీసే అనుకునేలా జనాన్ని తయారు చేసింది ఎవరు?

ఫోన్ల సంగతీ అంతే. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు కుర్రాళ్లను ఆపి, గంజాయి పేరు చెప్పి వాట్సాప్ చాట్లు వెతికారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చేసింది. ఆ తీర్పు రోడ్డు మీదికి ఇంకా దిగలేదు.

‘పోలీసులను అనుమానిస్తారా?’ అని అడిగేవాళ్లకు ఒక్కటే మాట: రమీజాబీని గుర్తు చేసుకోండి. 1978లో సినిమా చూసి ఇంటికెళ్తున్న రమీజాబీని, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను ఈ హైదరాబాద్‌లోనే పోలీసులు ఆపారు. నల్లకుంట స్టేషన్లో ఆమెపై అత్యాచారం జరిగింది, రిక్షా తొక్కే భర్త దెబ్బలకు చచ్చిపోయాడు. ఆ ఘటనపై విచారణ జరిపిన ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు నడిచిన రాయచూరు కోర్టులో మాత్రం వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. 2018లో లక్నో గోమతీనగర్‌లో అర్ధరాత్రి కారు ఆపలేదని కానిస్టేబుల్ కాల్చి చంపింది నేరస్థుణ్ణి కాదు, సహోద్యోగిని ఇంట్లో దించడానికి వెళ్తున్న ఉద్యోగిని. లండన్‌లో 2021లో ఒక యువతిని అరెస్టు నెపంతో కారెక్కించుకుని చంపింది అక్షరాలా పోలీసే. ఆ తర్వాత అక్కడ మఫ్టీలో ఒంటరిగా ఉన్న అధికారి తానే కంట్రోల్ రూముకు వీడియో కాల్ చేసి గుర్తింపు నిరూపించుకునే పద్ధతి పెట్టారు. మన దగ్గర ఎందుకు పెట్టరు?

ఇక బతిమాలేది లేదు. ప్రభుత్వం జీవో ఇవ్వాలి:

1. ఒంటరి డ్రైవర్‌ను రాత్రిపూట ఆపితే దీపాలున్న చోట, యూనిఫాంలో, పేరు కనబడేలా, ఒంటిమీద కెమెరా నడుస్తుండగానే ఆపాలి.
2. తాళం, ఫోను ముట్టుకున్నవాళ్లపై శాఖాపరమైన చర్య తీసుకోవాలి.
3. ఆపిన ప్రతిసారీ కంట్రోల్ రూములో నమోదు కావాలి.
4. హజార్డ్ లైట్లు వేసి, నెమ్మదిగా వెలుగున్న చోటికి వెళ్లి ఆపడం పారిపోవడం కాదని రాతపూర్వకంగా చెప్పాలి.

దొంగలు ఈ నాలుగో నియమాన్ని వాడుకుంటారట! నాలుగు ఇండికేటర్లూ వేసుకుని, 112కు ఫోన్ చేసి, పెట్రోలు బంకులోకి వెళ్లి పారిపోయే దొంగ ఉంటాడా?

జీవో వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. ఆపమంటే వేగం తగ్గించండి, హజార్డ్ లైట్లు వేయండి. 112కు ఫోన్ చేసి ఎక్కడున్నారో చెప్పి, ఆపుతున్నది పోలీసులేనా అని అడగండి. బంకు దగ్గరో టోల్‌గేటు దగ్గరో ఆపండి. బారికేడ్ ఉంటే మాత్రం అక్కడే ఆగండి. కారైతే తలుపులు లాక్ చేసి, లోపలి లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా ఉంచండి. అద్దం రెండు వేళ్ల సందు దించితే చాలు. పేరు, స్టేషను అడగండి. డిజిలాకర్‌లో లైసెన్సు చూపండి, ఫోను మాత్రం చేతికివ్వకండి. యూనిఫాంలో ఉన్న పోలీసు ఊదమంటే ఊదండి, కాదంటే అదే కేసవుతుంది. వాదన రోడ్డు మీద వద్దు. వివరాలు రాసుకుని మర్నాడే ఫిర్యాదు ఇవ్వండి.

ఈ కాగితాన్ని హాస్టళ్లలో, ఆసుపత్రుల్లో, క్యాబ్ స్టాండ్లలో అంటించండి. వచ్చే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి కాలనీకి పదిమంది చొప్పున రండి. అర్జీ మీద సంతకం పెట్టండి, రసీదు తీసుకున్నాకే కదలండి.