ఓడిపోయిన ఏండ్లని కూడా రాసిపెట్టండి

మన ఇండ్లల్లో పెద్దవాళ్ళ కథ చెప్పే తీరు ఒకటుంది. "తాత చేతిలో కాసు లేకుండా ఉన్నాడు, రాత్రీ పగలూ కష్టపడినాడు, ఇంత సంపాదించినాడు" అని మూడు ముక్కల్లో ముగిస్తారు. మధ్యలో ఏం జరిగింది అవ్వా అని అడిగితే "అదంతా ఇప్పుడెందుకులే నాయనా" అంటారు. వాన లేక పత్తి ఎండిపోయిన ఏడు, తాకట్టు పెట్టిన గాజులు తిరిగి రాని ఏడు, సొంత పొలం అమ్ముకుని పక్కోళ్ళ పొలంలో కూలికి పోయిన ఏడు, ఇవేవీ కథలో ఉండవు. పోగొట్టుకున్న సంగతి చెప్పుకుంటే పరువు తక్కువని పెద్దల లెక్క.

ఆ ఏండ్లని దాచడం వల్ల మన పిల్లలకు నష్టం జరుగుతా ఉందని నా అభిప్రాయం. గెలిచిన కథ మాత్రమే విని పెరిగిన పిల్లవాడు తనకొక దెబ్బ తగలగానే, ఈ వంశంలో ఓడిపోయింది నేనొక్కడినే అనుకుంటాడు. కోయంబత్తూరులో లేత్ పట్టడ పెట్టి, ఆర్డర్లు రాక మూసేసిన మన అబ్బాయి ఒకడున్నాడు. మూడేండ్లుగా మాశి శివరాత్రికి కులదైవం గుడికి రావడం లేదు. వస్తే నలుగురూ చుట్టూ చేరి "ఇప్పుడేం చేస్తా ఉండావు అబ్బోడా?" అని అడుగుతారని భయం. రెండు సార్లు నీట్ రాసి, సీటు రాక, కంటి పరీక్షల కోర్సులో చేరిన అమ్మాయి ఇంకొకతి ఉంది. ఆ పిల్ల గురించి మనవాళ్ళు "పాపం, డాక్టరు కాలేకపోయింది" అనే చెప్పుకుంటారు గానీ, ఇప్పుడేం చదువుతా ఉందో ఎవరూ అడగరు.

వీళ్ళిద్దరికీ చెప్పాల్సిన కథలు మన పక్కనే ఉన్నాయి. తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పుట్టిన ఇద్దరి గురించి రాస్తాను. పేర్లు అందరికీ తెలుసు. వాళ్ళు పోగొట్టుకున్న ఏండ్ల గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం.

మొదటివారు మదురై అరవింద్ కంటి ఆసుపత్రి స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు. 1918లో కోవిల్‌పట్టి పక్కం వడమలాపురంలో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. ఊరి బడిలో పలకా పెన్సిలూ లేక, ఏటి ఇసుక తెచ్చి పరచుకుని దానిమీద అక్షరాలు దిద్దారు. దగ్గరి బంధువుల్లో ముగ్గురు ఆడవాళ్ళు కడుపుతో ఉండగానే చనిపోవడం చిన్నప్పుడే చూసి, కాన్పుల డాక్టరు కావాలనుకున్నారు. మద్రాసు స్టాన్లీ కాలేజీలో 1944లో వైద్యం చదువు ముగించి, సైన్యంలో డాక్టరుగా చేరారు.

అక్కడ కీళ్ళవాతం పట్టుకుంది. మామూలు నొప్పి కాదది, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. 1948లో సైన్యం నుంచి పంపించేశారు. చాలా కాలం మంచం మీదే ఉన్నారు. కలం పట్టుకోవడమే కష్టమైంది. చేతివేళ్ళు శాశ్వతంగా వంకర తిరిగిపోయాయి. కాన్పుల డాక్టరు కావాలనే కోరిక అక్కడితో ఆగిపోయింది. వయసేమో ముప్పై. మన ఇండ్లల్లో ఎవరికైనా ఇట్లా జరిగి ఉంటే ఏమనేవాళ్ళం? "పోనీలే, ఊరికొచ్చి పొలం చూసుకో" అనేవాళ్ళం. ప్రేమతోనే అనేవాళ్ళం.

ఆయన మళ్ళీ విద్యార్థిగా కూర్చుని కంటి వైద్యం చదివారు. వంకర వేళ్ళతో కత్తి పట్టుకోవడం మొదటినుంచీ నేర్చుకున్నారు, తన చేతికి తగినట్టు పనిముట్లు చేయించుకున్నారు. ఆ చేతులతోనే జీవితంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 1976లో, సర్కారు ఉద్యోగం నుంచి రిటైర్ అయ్యాక, 58 ఏండ్ల వయసులో, మదురైలో ఒక ఇంట్లో 11 పడకలతో ఆసుపత్రి మొదలుపెట్టారు. డబ్బు కట్టగలిగిన వాళ్ళ దగ్గర తీసుకుని, కట్టలేని వాళ్ళకి ఉచితంగా చూపు తెప్పించే పద్ధతి అక్కడ నడిచింది. ఆపరేషన్‌లో కంట్లో పెట్టే లెన్సు విదేశాల నుంచి తెప్పిస్తే పేదవాళ్ళకి అందదని, 1992లో ఆరోల్యాబ్ పెట్టి ఇక్కడే తక్కువ ధరకు తయారుచేశారు.

ఈ కథలో నాకు ముఖ్యంగా కనబడేది 1948. ఆ ఏడు ఆయన గెలవలేదు, పూర్తిగా ఓడిపోయారు. తర్వాత పట్టుకున్నది పాత కోరికని కాదు, ఆ కోరిక వెనక ఉన్న కారణాన్ని. మనుషులకు వైద్యం చెయ్యాలి, అంతే. తల్లుల ప్రాణం కాపాడే దారి మూసుకుంటే, కండ్లు కాపాడే దారిలో నడిచారు. కంటి పరీక్షల కోర్సులో ఉన్న మన అమ్మాయికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

రెండో సంగతి, ఆయన ఒంటరిగా నిలబడలేదు. ఆసుపత్రి కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టారు, తోబుట్టువులు నగలు తెచ్చి ఇచ్చారు. చెల్లెలు డాక్టర్ నాచియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి, మిగతా కుటుంబం అందులోనే పనిచేశారు. తండ్రి పోయాక తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకున్న అన్న ఆయన, పెండ్లి కూడా చేసుకోలేదు. ఆ అన్నకి అవసరం వచ్చినప్పుడు ఇల్లంతా నిలబడింది. పట్టుదల అనేది ఒక మనిషి గుణం అని మనం మాట్లాడతాం. నేను చూసినంతలో అది సగం ఇంటివాళ్ళ గుణం.

రెండోవారు కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు. 1893లో సూలూరు పక్కం కలంగల్‌లో పుట్టారు. బడి చదువు చిన్న తరగతులతోనే ఆగిపోయింది. ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిల్ చూసి, అట్లాంటిది కొనాలని హోటల్లో సర్వర్‌గా చేరి సంబళం కూడబెట్టారు. కొన్న బండిని ఎక్కి తిరగడం కన్నా విప్పి, మళ్ళీ బిగించి, దాని గుట్టు తెలుసుకోవడం మీదే మోజు. తర్వాత పత్తి వ్యాపారంలో డబ్బు చూశారు, బొంబాయి పత్తి బజారులో అది పోగొట్టుకున్నారు. పిల్లలకు మనం చెప్పేటప్పుడు ఈ బొంబాయి ముక్క వదిలేస్తాం.

డబ్బు పోయాక కోయంబత్తూరు తిరిగొచ్చి, రాబర్ట్ స్టేన్స్ దొర సాయంతో ఒక బస్సు సంపాదించారు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి దాన్ని తానే నడిపారు. నిన్నటి దాకా పత్తి షావుకారు, ఇవాళ డ్రైవరు. ఊరు ఏమనుకుంటుందో అని ఆగి ఉంటే ఆ ఒక్క బస్సు కూడా ఉండేది కాదు. 1930ల మొదటికి ఆ ఒక్కటి రెండు వందలు దాటింది. అంతటితో దెబ్బలు ఆగాయా అంటే, లేదు. 1936లో ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. 1952లో రెండు వేల రూపాయలకే ఇవ్వగల చిన్న కారు తయారుచేస్తే, సర్కారు లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు రోడ్డెక్కలేదు. గెలిచినవాళ్ళ జీవితంలో కూడా కొన్ని పనులు చివరిదాకా ఓటమిగానే మిగిలిపోతాయి. దాన్ని కూడా చెప్పాలి.

"వాళ్ళు మహానుభావులు, మనకు వాళ్ళతో పోలికేమిటి?" అంటారు కొందరు. న్యాయమైన మాటే. ఓర్చుకున్న ప్రతివాడూ ఆసుపత్రి కట్టడు, ప్రతి డ్రైవరూ బస్సుల కంపెనీ యజమాని కాడు. కష్టపడితే తప్పకుండా గెలుస్తావు అని పిల్లలకు హామీ ఇవ్వడం కూడా అబద్ధమే. వానలు పోతే, గిరాకీ పోతే, ఎంత కష్టపడినా పోయేది పోతుంది. కానీ నేను అడుగుతున్నది గెలుపు గురించి కాదు. పడిపోయినవాడు మళ్ళీ నలుగురిలోకి రాగలిగేట్టు మనం ఉండాలి. సర్వర్ పనికీ డ్రైవర్ పనికీ దిగిన మనిషిని తక్కువగా చూసే ఇంట్లో ఇంకో జి.డి. నాయుడు పుట్టినా పైకి రాలేడు.

అందుకని మన బంధువులందరికీ మూడు సంగతులు చెప్తాను. ఒకటి, వంశవృక్షంలో పేర్లూ ఆస్తులూ మాత్రమే రాస్తా ఉన్నాం. ఇకమీద ప్రతి తాత పేరు కింద, అవ్వ పేరు కింద, వాళ్ళు ఏం పోగొట్టుకున్నారో, ఎవరు సాయం చేశారో కూడా రాయండి. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఉంటే ఈ నెలలోనే కూర్చుని అడగండి. మొదట "ఎందుకులే" అంటారు, ఇంకోసారి అడిగితే చెప్తారు.

రెండు, శివరాత్రికి గుడి దగ్గర కలిసినప్పుడు గోపురానికి రంగు వెయ్యడానికి వసూలు చేసే డబ్బులో కొంత పక్కన పెడదాం. వ్యాపారం మూసుకున్నవాళ్ళకి, దారి మార్చి చదువుకునేవాళ్ళకి వడ్డీ లేకుండా ఇద్దాం. ఆ అబ్బాయి లేత్ మిషను ఇంకా అమ్ముడుపోలేదు. కరెంటు బాకీ కట్టడానికీ, మొదటి మూడు నెలలు నడపడానికీ డబ్బుంటే మళ్ళీ తలుపు తెరవగలడు.

మూడోది ఖర్చు లేనిది. ఈసారి ఎవరినైనా చూసినప్పుడు "ఏం చేస్తా ఉండావు?" అనే ప్రశ్నకి ముందు "బాగుండావా, తిన్నావా?" అని అడగండి. మిగతాది వాళ్ళే చెప్తారు, చెప్పాలనిపించినప్పుడు.