బడికి వెళ్లడం వేరు, చదువు రావడం వేరు: ఒక ఆర్థికవేత్త పరిశోధనలు జంగ్లీఘాట్‌కు చెప్పేదేమిటి?

అండమాన్ నికోబార్ దీవుల రాజధానిలోని జంగ్లీఘాట్ చేపల రేవులో తెల్లవారుజామున వినిపించే భాషల్లో తెలుగు ఒకటి. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరలివచ్చిన మత్స్యకార కుటుంబాలు ఇక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ నగరం పేరు శ్రీ విజయపురంగా మారినా రేవు జీవనం మారలేదు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు. వారిలో 13 శాతం మందికి తెలుగు మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం తెలుగుదే.

అదే జనగణనలో ఈ కేంద్రపాలిత ప్రాంతం అక్షరాస్యత 86.63 శాతంగా నమోదైంది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 67 శాతమే. ఈ అంకెలను చూస్తే దీవుల్లో బడి సమస్య దాదాపు తీరినట్లే అనిపిస్తుంది. అయితే వేటపై ఆధారపడి బతికే కుటుంబానికి అసలు ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి. బిడ్డను తెలుగు మాధ్యమంలో చేర్పించాలా, హిందీలోనా, ఇంగ్లిషులోనా? ఆ చదువు రేవు దాటి మరో పనికి దారి చూపుతుందా? మూడో తరగతి పూర్తయ్యే నాటికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు చేయడం రావాలన్నది 2021 జులైలో కేంద్రం ప్రారంభించిన ‘నిపుణ్ భారత్’ లక్ష్యం. దానికి పెట్టుకున్న గడువు 2026-27. అందువల్ల ఈ ప్రశ్నలకు ఇప్పుడు మరింత ప్రాధాన్యం ఏర్పడింది.

వీటికి సమాధానం వెదికే క్రమంలో ఒక ఆర్థికవేత్త పరిశోధన జీవితాన్ని పరిశీలించడం ఉపయోగకరం. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (శాండియాగో) ఆచార్యుడు కార్తీక్ మురళీధరన్ రెండు దశాబ్దాలకు పైగా విద్య, ఉపాధి, ప్రభుత్వ సామర్థ్యం అనే మూడు అంశాలపై పని చేస్తున్నారు. ఆయన ప్రధాన ప్రయోగాలు అనేకం జరిగింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే.

హాజరు పట్టీతో మొదలు

భారత్‌లో పుట్టిన మురళీధరన్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 2007లో డాక్టరేట్ పొందారు. అంతకుముందే, 2003లో జరిగిన ఒక పెద్ద సర్వేలో ఆయన భాగస్వామి. 20 రాష్ట్రాల్లోని సుమారు 3,700 పాఠశాలలకు పరిశోధకులు ముందస్తు సమాచారం లేకుండా వెళ్లారు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ప్రతి నలుగురు ఉపాధ్యాయుల్లో ఒకరు ఆ రోజు బడిలో లేరు. తనిఖీ సమయంలో పాఠం చెబుతూ కనిపించినవారు దాదాపు సగం మందే. మైఖేల్ క్రెమర్ తదితరులతో కలిసి రాసిన ఆ పరిశోధన పత్రం 2005లో వెలువడింది. క్రెమర్ ఆ తర్వాత 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్‌ను మరో ఇద్దరితో పంచుకున్నారు.

బడి కట్టడం, జీతం ఇవ్వడం, పిల్లల పేర్లు నమోదు చేయడం మాత్రమే చదువు చెప్పినట్లు కాదని ఆ సర్వే తేల్చింది. మరి ఏం చేస్తే పిల్లలకు చదువు వస్తుంది? ఈ ప్రశ్నే మురళీధరన్‌ను ఆంధ్రప్రదేశ్‌కు తీసుకువచ్చింది.

అయిదు వందల బడులు, నాలుగు మార్గాలు

రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి 2005లో అయిదు జిల్లాల్లోని 500 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం చేపట్టాయి. పరిశోధనకు మురళీధరన్‌తో పాటు వెంకటేశ్ సుందరరామన్ నాయకత్వం వహించారు. బడులను లాటరీ పద్ధతిలో వందేసి చొప్పున అయిదు వర్గాలుగా విభజించారు. ఒక వర్గంలో విద్యార్థుల ప్రగతిని బట్టి ఒక్కో ఉపాధ్యాయునికి బోనస్ ఇచ్చారు. రెండో వర్గంలో బడి మొత్తానికి ఉమ్మడిగా బోనస్ ఇచ్చారు. మూడో వర్గానికి అదనంగా ఒక ఒప్పంద ఉపాధ్యాయుణ్ని, నాలుగో వర్గానికి సామగ్రి కోసం నగదును సమకూర్చారు. అయిదో వర్గాన్ని యథాతథంగా ఉంచి మిగిలినవాటిని దానితో పోల్చారు.

బోనస్ సగటున వార్షిక జీతంలో మూడు శాతం మాత్రమే. అయినా రెండేళ్ల తర్వాత ఆ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేరకు ముందంజ వేశారు. సామాన్య భాషలో చెప్పాలంటే, వంద మందిలో సరిగ్గా మధ్యస్థానంలో ఉన్న విద్యార్థి గణితంలో పది మందిని, భాషలో ఆరేడుగురిని దాటినట్లు. బోనస్‌తో సంబంధం లేని సామాన్య, సాంఘిక శాస్త్రాల్లోనూ వారు మెరుగయ్యారు. పరీక్ష కోసం బట్టీ పట్టిస్తారన్న భయానికి ఇది కొంత జవాబు. ఈ ఫలితాలు 2011లో ‘జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ’లో అచ్చయ్యాయి.

నగదు పొందిన బడుల అనుభవం మరో పాఠం నేర్పింది. సొమ్ము అనుకోకుండా వచ్చిన మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. మరుసటి ఏడాది కూడా వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు పుస్తకాలకూ పలకలకూ తాము పెట్టే ఖర్చును తగ్గించుకున్నారు. దాంతో ఆ ఏడాది చదువులో అదనపు మేలు కనిపించలేదు. కుటుంబానికి డబ్బు ఆదా కావడం మంచిదే. అయితే బడ్జెట్ కేటాయింపు పెరిగినంత మాత్రాన చదువు పెరిగినట్లు లెక్క రాసుకోవడం పొరపాటు.

మాధ్యమం మాటేమిటి?

జంగ్లీఘాట్ తల్లిదండ్రులకు అన్నిటికంటే దగ్గరైనది 2008లో మొదలైన మరో ప్రయోగం. ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాలను తీసుకుని, ముందు గ్రామాలను, తర్వాత కుటుంబాలను లాటరీలో ఎంపిక చేశారు. గెలిచిన పిల్లలు ప్రైవేటు బడిలో చేరితే రుసుమును ప్రాజెక్టు చెల్లించింది. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులోనూ గణితంలోనూ ఆ పిల్లలకు, లాటరీలో ఓడిన పిల్లలకు మధ్య తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు స్పష్టంగా ముందున్నారు. కారణం కాలపట్టికలోనే ఉంది. ప్రైవేటు బడులు తెలుగుకూ గణితానికీ తక్కువ సమయం కేటాయించి, మిగిలిన సమయాన్ని ఇంగ్లిషు, హిందీ వంటివాటికి మళ్లించాయి. ఒక్కో విద్యార్థిపై వాటి ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ.

2015లో వెలువడిన ఈ పత్రంలో మాధ్యమంపైనా ఒక పరిశీలన ఉంది. తెలుగు మాధ్యమ ప్రైవేటు బడుల్లో చేరినవారికి మేలు జరిగింది. ఇంగ్లిషు మాధ్యమంలోకి మారినవారు ఇతర సబ్జెక్టుల్లో వెనకబడ్డారు. పరిశోధకులు దీన్ని తుది తీర్పుగా కాక సూచనగానే ప్రకటించారు. అర్థం కాని భాషలో లెక్క చెబితే భాషతో పాటు లెక్క కూడా చేజారుతుందన్నది ఆ సూచన సారాంశం.

ప్రభుత్వ బడులను ఇంగ్లిషు మాధ్యమంలోకి మారుస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి వరకు వీలైనంత మేరకు మాతృభాషలో బోధించాలని పేర్కొంది. తల్లిదండ్రుల కోరిక మాత్రం ఇంగ్లిషు వైపే ఉంది. అది అవివేకం కాదు. ఉద్యోగ విపణిలో ఇంగ్లిషుకున్న విలువను వారు కళ్లారా చూస్తున్నారు. అందుచేత తగవు ఇంగ్లిషు కావాలా వద్దా అన్నది కాదు. ఇంగ్లిషును ఒక భాషగా బాగా నేర్పడం ఎలా, మిగిలిన చదువును బిడ్డకు తెలిసిన భాషలో నిలబెట్టడం ఎలా అన్నదే.

కూలి రేటు వరకు

బడిలో నేర్చినదాని విలువ చివరకు తేలేది పనిలోనే. మురళీధరన్ పరిశోధన రెండో దశ అటు సాగింది. ఉపాధి హామీ కూలి చెల్లింపులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేలిముద్రలతో పనిచేసే స్మార్ట్‌కార్డులను ప్రవేశపెట్టినప్పుడు, ఏ మండలంలో ముందు అమలు చేయాలన్నది లాటరీతో నిర్ణయించారు. విజయనగరం, నల్గొండ, కర్నూలు సహా ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాలు, సుమారు 1.9 కోట్ల జనాభా దీని పరిధిలోకి వచ్చారు. పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్‌లతో కలిసి చేసిన ఈ అధ్యయనంలో చెల్లింపులు త్వరగా అందాయనీ, అక్రమాలు తగ్గాయనీ 2016లో తేలింది.

2023లో ‘ఎకనోమెట్రికా’లో వచ్చిన తరువాయి పత్రం ఇంకా ముఖ్యమైనది. పథకం సక్రమంగా అమలైన చోట లబ్ధిదారు కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది. ఆ ఆదాయ పెరుగుదలలో 86 శాతం ఉపాధి హామీ పనుల నుంచి కాక ఇతర పనుల నుంచి వచ్చింది. నికరమైన ప్రత్యామ్నాయం ఉన్న కూలీ తక్కువ రేటుకు ఒప్పుకోడు. అందువల్ల ఊళ్లో కూలి రేటే పెరిగింది. ప్రైవేటు పనులు తగ్గకపోగా పెరిగాయి.

జంగ్లీఘాట్ నగర ప్రాంతం కనుక గ్రామీణ ఉపాధి పథకం అక్కడ వర్తించదు. అయినా సూత్రం వర్తిస్తుంది. మరో పని దొరుకుతుందన్న ధీమా ఉన్నవాడికే వేట కూలిపై బేరమాడే శక్తి ఉంటుంది. పదో తరగతి పత్రం చేతిలో ఉన్నా చదవడం, లెక్క కట్టడం సరిగా రాని యువకునికి ఆ ధీమా కలగదు.

అభ్యంతరాలు

ఈ పరిశోధనలపై విమర్శలూ ఉన్నాయి. ఒప్పంద ఉపాధ్యాయుల ప్రయోగంలో తక్కువ జీతానికి వచ్చినవారి బడుల్లోనూ పిల్లలు మెరుగయ్యారన్న ఫలితం, ఉపాధ్యాయ వృత్తి భద్రతను దెబ్బతీసే వాదంగా మారుతుందన్న ఆందోళన సహేతుకమే. మార్కులతో కొలవలేని విద్యా ప్రయోజనాలు అనేకం ఉన్నాయి.

తెలుగు నేల నుంచే మరో ఆలోచనా ధార కూడా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా సమాచారం ఆధారంగా, చదువుకు దక్కే ప్రతిఫలంలోని అసమానతలను జంధ్యాల బి.జి. తిలక్ 1980ల్లోనే విశ్లేషించారు. ఉచితమని చెప్పే ప్రాథమిక విద్యకు కుటుంబాలు ఎంత ఖర్చు పెడుతున్నాయో 1996లో చూపించారు. విద్య ప్రజా ప్రయోజనం, దానికి ప్రభుత్వం తగినంత వెచ్చించాలి అన్నది ఆయన వాదం. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు కేటాయించాలన్న కొఠారి కమిషన్ (1964-66) సిఫార్సు ఇంకా లక్ష్యంగానే మిగిలింది. ఎంత ఖర్చు చేయాలన్నది తిలక్ ప్రశ్న అయితే, ఖర్చయినది బిడ్డకు చేరిందా అన్నది మురళీధరన్ ప్రశ్న. ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయం కాదు.

ప్రభుత్వాలకు మాత్రం రెండో ప్రశ్న కష్టంగా తోస్తోంది. మధ్యప్రదేశ్‌లో బడుల అభివృద్ధి ప్రణాళికలు తయారు చేయించిన ఒక కార్యక్రమాన్ని అభిజీత్ సింగ్‌తో కలిసి మురళీధరన్ పరిశీలించారు. ప్రణాళికల పత్రాలు సిద్ధమయ్యాయి. పాఠం చెప్పే తీరులోగానీ, పిల్లల చదువులోగానీ మార్పు రాలేదు. అయినా ఆ నమూనా దేశంలో లక్షల బడులకు విస్తరించింది. మంచి ఫలితమిచ్చిన ఆంధ్రప్రదేశ్ బోనస్ పద్ధతి మాత్రం ప్రయోగ దశ దాటలేదు. 2024లో వచ్చిన తన గ్రంథంలో మురళీధరన్ ప్రభుత్వ యంత్రాంగం సామర్థ్యాన్నే కేంద్రంగా తీసుకోవడానికి ఇటువంటి అనుభవాలే నేపథ్యం.

రేవు అడగవలసినవి

అండమాన్‌లో ఈ ప్రయోగాలు జరగలేదు. ప్రధాన భూభాగపు పల్లెల ఫలితాలను సముద్రం మధ్యనున్న బహుభాషా నగరానికి ఉన్నవి ఉన్నట్లు అన్వయించలేము. ఇక్కడి తెలుగు బిడ్డ ఇంట తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లిషు వింటూ పెరుగుతుంది. ఆమెకు తెలిసిన భాష ఏదో ముందు బడి తెలుసుకోవాలి. ఢిల్లీలో మురళీధరన్ బృందం జరిపిన మరో అధ్యయనం ప్రకారం ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతుల మేర వెనకబడి ఉన్నారు. ఎక్కడ ఆగిపోయారో కనిపెట్టి అక్కడి నుంచి నేర్పితే నాలుగున్నర నెలల్లోనే మంచి ఫలితం వచ్చింది.

కాబట్టి అక్షరాస్యత శాతం, నమోదు శాతం చూసి తృప్తి పడడం చాలదు. మూడో తరగతి బిడ్డ తనకు తెలిసిన భాషలో ఒక పేరా చదవగలదా? తూకం, ధర చెబితే మొత్తం లెక్క కట్టగలదా? రాకపోతే ఆ సంగతి ఆ ఏడాదే ఎవరికి తెలుస్తుంది, ఎవరు సరిచేస్తారు? ఈ మూడు ప్రశ్నలకు ప్రతి బడి జవాబు చెప్పగలిగితే మాధ్యమంపై తల్లిదండ్రుల నిర్ణయం భయంతో కాక అవగాహనతో జరుగుతుంది. జంగ్లీఘాట్‌లో వేటను ఎంచుకునే యువకుడు కూడా అప్పుడు మరో దారి లేక కాక, ఇష్టపడి ఎంచుకుంటాడు.